పాత 407 వెనక బ్రేకు పైపు: ముక్క అతికిస్తే చాలా, మొత్తం మార్చాలా?

కాసిమేడు లోడు:
2006 మోడల్ టాటా 407 లారీ, చెన్నైలోనే తిరుగుతుంది, ఎక్కువగా చేపల లోడు. ఛాసిస్ వెంబడి వెనక్కి వెళ్లే బ్రేకు పైపు మీద, మధ్య క్లిప్పు దగ్గర చెమ్మ. తుడిచినా గంటలో మళ్లీ తడి, బ్రేక్ ఆయిలే. ఒక మెకానిక్కు జానెడు కోసి, కొత్త ముక్క పెట్టి, రెండు యూనియన్లు (పైపుల్ని కలిపే జాయింట్లు) బిగిస్తే సాయంత్రానికి బండి తీసుకెళ్లొచ్చు అంటున్నారు. ఇంకొకాయన మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిలుని నెట్టేది) నుంచి వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా మొత్తం మార్చకపోతే చెయ్యి పెట్టను అంటున్నారు. వచ్చే నెల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీ). రాగి పైపు వేస్తే తుప్పు గొడవే ఉండదని మూడో సలహా. ఏది సరైనది?

పానా 11:
రెండో ఆయన మాటే. తుప్పు పైపు నడిమధ్యలో మొదలవదు, క్లిప్పు కింద మొదలవుతుంది. క్లిప్పుకీ పైపుకీ మధ్య బురద చేరుతుంది, అదురుకి పూత అరుగుతుంది, దాని మీద ఐసు కరిగిన ఉప్పునీళ్లు. ఆ గతి ఒక్క క్లిప్పుకే పట్టి మిగతావాటిని వదిలేస్తుందా? ఒకటి కారిందంటే మిగతావి వరసలో ఉన్నట్టే.

డబుల్ ఫ్లేరు:
పానా గారూ, అతుకు అనగానే అంత కొట్టిపారెయ్యకండి. కంపెనీ నుంచి వచ్చిన లైన్లలోనూ జాయింట్లు ఉంటాయి. రెండు మూతులకీ సరైన ఫ్లేరు కొట్టి (అంటే మూతిని విప్పార్చి), సరైన మర ఉన్న యూనియన్ బిగిస్తే ఆ జాయింటు పైపుకి తీసిపోదు. వెయ్యకూడనిది ఫెర్రూల్ (చిన్న రింగు) పెట్టి బిగించే నొక్కుడు జాయింటు. ఎయిర్ లైనుకీ నీళ్ల లైనుకీ పనికొచ్చే సరుకు అది. పైపుని రాపిడితో పట్టుకుంటుందే తప్ప దాని మూతిని పట్టుకోదు. గట్టిగా బ్రేకు తొక్కితే లైన్లో 70 నుంచి 100 బార్ ఒత్తిడి వస్తుంది, అప్పుడు జారి ఊడుతుంది.

ఇంకో సంగతి. మొత్తం లైను విప్పాలంటే ఇరవై ఏళ్ల నట్లు కదపాలి. నట్టు అంచులు పోతాయి, రబ్బరు హోసు మెలి తిరుగుతుంది. ఒక లీకు మూయబోయి మూడు తెరవడం ఏం తెలివి?

రెడ్‌హిల్స్ వర్క్‌షాపు:
లెక్క వేసి చూద్దాం. పైపు బయటి వ్యాసం 4.75 మి.మీ., గోడ మందం 0.7 మి.మీ. అనుకోండి. 100 బార్ అంటే 10 మెగాపాస్కల్. గోడ మీద పడే లాగుడు 10 × 4.75 ÷ 1.4 (గోడ మందానికి రెట్టింపు), సుమారు 34 మెగాపాస్కల్. బ్రేకు పైపు ఉక్కు సుమారు 300 దాకా తట్టుకుంటుంది. అంటే కొత్త పైపుకి ఇది చీమ కుట్టినట్టు. అదే తుప్పు గుంట దగ్గర గోడ 0.1 మి.మీ. మిగిలితే లాగుడు 237కి చేరుతుంది.

దీన్నిబట్టి తెలిసేది ఏంటంటే, గోడ ముప్పాతిక వంతు తినేసినా పైపు మామూలు బ్రేకుకి నిలబడుతుంది. చెమ్మ కూడా కనిపించదు. లారీ అడ్డం వచ్చి ప్రాణం మీదికొచ్చి గట్టిగా తొక్కినప్పుడే పగులుతుంది. అందుకే "మిగతా పైపు కారడం లేదు కదా" అనేది ఆధారం కాదు. ఎఫ్‌సీలో రోలరు మీద కొలిచేది బ్రేకు పట్టు, పైపు మందం కాదు. ఎఫ్‌సీకి ముందు కొట్టే నల్ల రంగు గుంటల్ని ఇంకా బాగా దాచిపెడుతుంది.

డబుల్ ఫ్లేరు:
లెక్క ఒప్పుకుంటాను. నా షరతు కూడా వినండి. క్లిప్పులన్నీ విప్పాలి, పైపు చుట్టూ గుడ్డతో తుడిచి గోరుతో తడమాలి. పైపైన ఎర్రటి మరక మాత్రమే ఉంటే పర్లేదు. గోరు తగులుకునే గుంట గానీ, పెచ్చులా లేచే తుప్పు గానీ ఎక్కడున్నా అతుకు ప్రసక్తి లేదు. గుంట లోతు చూద్దామని వైరు బ్రష్షుతో గీకకండి, అక్కడే చిల్లు పడుతుంది.

అతుకు వేసేచోట కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు మెరిసే ఉక్కు ఉండాలి. తుప్పు తిన్న మూతికి ఫ్లేరు కొడితే అంచు చీలుతుంది, ఫ్లేరు కొట్టేటప్పుడు పైపుని పట్టి ఉంచే బారు పట్టు కూడా జారుతుంది. ఈ పరీక్షకి నిలిచే పైపులు చేపల బళ్లలో ఎన్ని ఉంటాయంటే... అక్కడ పానా గారితో వాదించను.

కాసిమేడు లోడు:
మరి రాగి?

జీపీరోడ్ కౌంటరు:
ఫ్రిజ్, ఏసీ పనికి వాడే మెత్తని రాగి గొట్టం బ్రేకుకి వద్దు. ఒత్తిడికి ఆగదని కాదు, అదురుకి ఆగదు. రాగి అదిరే కొద్దీ గట్టిపడి పెళుసవుతుంది, నట్టు వెనక మెడ దగ్గర చుట్టూ పగుళ్లు వస్తాయి. డీజిల్ బండి ఛాసిస్ ఎప్పుడు అదరకుండా ఉంది?

తుప్పు పట్టనిది కావాలంటే క్యుప్రోనికెల్ అడగండి. 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్, కాస్త ఇనుము కలిపింది. వోల్వో 1970లలోనే కార్లకి వాడడం మొదలుపెట్టింది. చేత్తోనే వంగుతుంది, ఫ్లేరు కూడా సులువుగా వస్తుంది. రంగు రాగికన్నా కాస్త పాలిపోయి ఉంటుంది. అయస్కాంతం పెట్టి తేల్చుకుందాం అనుకోకండి, రాగికీ దీనికీ రెండిటికీ అంటుకోదు. అంటుకుంటే మాత్రం అది రాగి పూత పూసిన ఉక్కు. మామూలుగా 25 అడుగుల చుట్టగా వస్తుంది. దొరక్కపోతే పూత ఉన్న మంచి ఉక్కు పైపు వేసుకోండి, తక్కువేం కాదు.

పుదుపేట పాత సామాన్ల బజారులో పాత బండి నుంచి విప్పిన పైపు చవగ్గా దొరుకుతుంది. దాని వయసు మీ పైపు వయసే.

నట్ల దగ్గర జాగ్రత్త. పాత నట్టు, పైపు మూతి రెండూ కోసి షాపుకి పట్టుకురండి. ఎం10 మర (10 మి.మీ. వ్యాసం), పిచ్ 1.0 ఉన్న రంధ్రంలో 3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 మరల నట్టు చక్కగా తిరుగుతుంది. వ్యాసం అర మిల్లీమీటరు తక్కువ కాబట్టి కాస్త వదులుగా ఉంటుంది, బిగించాక పట్టినట్టే అనిపిస్తుంది, ఒత్తిడికి మరలు కోసుకుని బయటికొస్తుంది. మూతి ఆకారం కూడా చూడాలి: గరాటులా లోపలికి మడిచినది డబుల్ ఫ్లేరు, పుట్టగొడుగులా ఉబ్బినది బబుల్ ఫ్లేరు. ఒకదాని సీటులో రెండోది కూర్చోదు.

పానా 11:
నట్లు కదపడం ప్రమాదం అన్న మాటకి జవాబు. పైపు పారేసేదే కాబట్టి నట్టుతో కుస్తీ ఎందుకు? ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిలు కొట్టి ఉంచండి. పొద్దున ఫ్లేర్ నట్ స్పానరుతో ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. నట్టుతోపాటు పైపు తిరుగుతుంటే, నట్టు పక్కనే పైపు కోసేసి ఆరు మూలల బాక్సు పెట్టి తిప్పండి. హోసు చివర మాత్రం రెండు స్పానర్లు కావాలి, ఒకటి హోసు తలని పట్టుకోవడానికి. మంట పెట్టకండి, అది బ్రేక్ ఆయిలు, అంటుకుంటుంది.

పాత పైపు వంపులు చెడకుండా దించండి, అదే మీ నమూనా. కొత్తది ట్యూబు కట్టరుతో కొయ్యాలి. హాక్సా రజను లోపలికి పోయి మాస్టర్ సిలిండర్ కప్పుల్ని (లోపలి రబ్బరు సీళ్లని) కోస్తుంది. లోపలి అంచున కోతకి లేచిన ముళ్లు (బర్) తియ్యండి. ఫ్లేరు కొట్టేముందు నట్టు ఎక్కించారా చూసుకోండి (ఇది మర్చిపోని మెకానిక్కు లేడు). డై మీద ఒక చుక్క బ్రేక్ ఆయిలు వేసి కొట్టండి. మూతి ఒక పక్కకి ఒరిగినా, వెంట్రుకంత గీత కనిపించినా కోసి మళ్లీ కొట్టండి, నట్టు గట్టిగా బిగిస్తే సర్దుకుంటుందనుకోవద్దు.

క్లిప్పులు నైలానువి, 40–50 సెంటీమీటర్లకొకటి. రబ్బరు చుట్టిన ఇనప క్లిప్పు నీళ్లు పట్టి ఉంచుతుంది. సైలెన్సరుకి దూరం, కమాన్ కట్ట పూర్తిగా లోడులో నొక్కుకున్నా పైపుకి తగలకూడదు. హౌసింగ్ మీద రెండు చక్రాలకీ వెళ్లే పొట్టి పైపులు, ఛాసిస్ నుంచి వచ్చే రబ్బరు హోసు కూడా ఇప్పుడే మార్చండి. బురద ఎక్కువ తినేవి అవే.

రెడ్‌హిల్స్ వర్క్‌షాపు:
పైపు లోపల కడగడానికి కిరోసిన్, డీజిల్ వాడేవాళ్లున్నారు. ఒక్క చెంచాడు మిగిలినా కప్పు రబ్బర్లన్నీ ఉబ్బుతాయి, వారంలో బ్రేకులు వదలకుండా పట్టేస్తాయి. గాలి కొట్టి, కొత్త బ్రేక్ ఆయిలు పోసి వదిలేస్తే చాలు. ఛాసిస్ మీద ఒలికింది నీళ్లతో కడగండి, రంగు లేపేస్తుంది.

కాసిమేడు లోడు:
క్లిప్పులు విప్పించాను. ఐదింటిలో మూడింటి కింద గోరు తగులుతోంది. మొత్తం మార్చమని చెప్పేశాను. తర్వాత లైన్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు ఏం చూసుకోవాలి? ఆయిలు డాట్ 3 ఆ, డాట్ 4 ఆ?

డబుల్ ఫ్లేరు:
రిజర్వాయరు మూత మీద రాసింది వెయ్యండి. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 వెయ్యొచ్చు. డాట్ 3 పొడిగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకి మరిగితే, నీరు పట్టాక 140కే మరుగుతుంది. డాట్ 4కి అవే 230, 155. లీటరు డబ్బా తెచ్చుకోండి, ఎప్పుడో మూత తీసి పెట్టింది వద్దు. సిలికాన్ డాట్ 5 మాత్రం వీటితో కలపకూడదు.

ఇంజను ఆపి, పెడల్ పది సార్లు తొక్కి బూస్టరు వాక్యూం దించండి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం దగ్గర ముందు ఎయిర్ తియ్యండి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. పాత సిలిండర్ అయితే పెడల్ నేల దాకా తొక్కకండి, కింద చెక్క ముక్క పెట్టండి. లేకపోతే కప్పు ఎన్నడూ వెళ్లని గరుకు చోటికి వెళ్లి కోసుకుంటుంది. వెనక లోడు వాల్వు (లోడుని బట్టి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చేది) ఉంటే జాకీ ఛాసిస్‌కి కాదు, హౌసింగ్ కింద పెట్టాలి. చక్రాలు వేలాడితే వాల్వు మూసుకుని వెనక్కి ఆయిలు సరిగ్గా పోదు, గాలి లోపలే ఉండిపోతుంది.

పానా 11:
అయ్యాక ఇంజను నడుస్తుండగా ఒకరు పెడల్ బలంగా తొక్కి నిమిషం పట్టుకోవాలి, ఇంకొకరు ప్రతి నట్టు చుట్టూ న్యూస్‌పేపరు ముక్క అద్దాలి. జాయింట్లన్నీ పొడిగా ఉండి పెడల్ మెల్లగా దిగుతుంటే మాస్టర్ సిలిండర్ లోపల కప్పు పోయినట్టు. అప్పుడు ముందు పైపుల క్లిప్పులు కూడా విప్పి చూడండి, ఎలాగూ ఆయిలు మళ్లీ దించాల్సిందే.