మ్యూజియంలో పిల్లలకు "పురుగును చంపు" ఆట ఉండాలా, వద్దా?

గట్టుమీద: మొన్న పిల్లల్ని ఒక మ్యూజియంలో వ్యవసాయం గదికి తీసుకెళ్లాం. పెద్ద తెర మీద వరి పొలం, ఏ పురుగు కదిలినా వేలితో నొక్కితే మందు పడి చస్తుంది, పాయింట్లు వస్తాయి. సాలీడును చంపినా పాయింటే! వరి మొక్క రసం పీల్చే సుడిదోమను తినేదే అది కదా. ఈ ఆట ఇలా ఉండకూడదంటాను. మీరేమంటారు?

సిటీఅమ్మ: ఆట లేకపోతే పిల్లలు ఆ గదిలో నిలబడరండీ. గోడ మీద బోర్డులు ఎవరు చదువుతారు? పురుగు వల్ల పంట పోతుందని ముందు తెలియనివ్వండి, మిగతాది స్కూల్లో నేర్చుకుంటారు.

మిర్చియార్డు: స్కూల్లోనా! మాది గుంటూరు వైపు. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు చేరినప్పుడు కొట్టని మందు లేదు, ఖర్చు పెరిగింది గానీ పురుగు పోలేదు. మందు కొడితే చస్తుందన్నది మా దగ్గరే అబద్ధమైతే పిల్లలకెందుకు నేర్పడం? అలాగని పురుగులన్నీ పాపం మంచివే అని చూపించేవీ నాకు నచ్చవు. మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగు ఏం చేస్తుందో దాని మలంతో సహా చూపించాలి.

గట్టుమీద: అన్నా, ఇండోనేషియాలో ఇదే జరిగింది. మందులు సాలీడు లాంటి పంటకు మేలు చేసే మిత్ర పురుగుల్ని చంపేసి సుడిదోమ ఇంకా పెరిగిందని 1986లో వరికి 57 రకాల మందులు ఆపేశారు. 1989లో అక్కడ మొదలైన రైతు పాఠశాలల్లో కుండీలో వరి మొక్క పెట్టి, వల కప్పి, లోపల సుడిదోమల్నీ సాలీడునూ వదిలి ఎవరు ఎవర్ని తింటారో రైతులే చూసేవాళ్లు. పొలంలోనే రైతులకు నేర్పే మన పొలంబడికి మూలం అదే. మ్యూజియంలో ఇది పెట్టొచ్చుగా? కుండీ, వల, భూతద్దం, అంతే.

ల్యాబుకోటు: కుండీ చవకే, దాన్ని చూసుకునే మనిషే దొరకడు. కోయంబత్తూరులో 2018లో తెరిచిన పురుగుల మ్యూజియం వెనక తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, మామూలు మ్యూజియంలో సెలవుల్లో ఆ దోమల్ని ఎవరు సాకుతారు? అందుకే ఆటనే మార్చాలంటాను. ముందు మొక్క మొదలు చూసి లెక్కపెట్టాలి, రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు బటన్ పనిచేయకూడదు. అక్షింతల పురుగు పిల్లదశ కూడా పెట్టండి, అదీ మిత్ర పురుగే గానీ చిన్న మొసలిలా ఉంటుంది, దాన్ని చూసి పెద్దవాళ్లే మందు కొట్టేస్తారు.

సిటీఅమ్మ: బటన్ పనిచేయకపోతే మావాడు మెషిన్ పాడైందనుకుని పక్కదానికి పోతాడు :)

మిర్చియార్డు: అయితే పనిచేయనివ్వండమ్మా. కొట్టిన ప్రతిసారీ చేతిలో డబ్బు తగ్గాలి, సాలీళ్లు చావాలి, తర్వాతి రౌండులో దోమ రెట్టింపు దిగాలి. అప్పుడు గెలవమనండి మీవాణ్ణి.