చల్లగాలి వచ్చింది, వాన రాలేదు. ఈ డైరీ పేజీ చూసి ఎందుకో చెప్పగలరా?

కొత్తమబ్బు:

అందరికీ నమస్కారం. మబ్బులు చూసి డైరీ రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక థర్మామీటరు, ఫోన్‌లో ఉన్న బారోమీటరు, పడమర వైపు అడ్డం లేని డాబా. నా సరంజామా అంతే. నిన్నటి పేజీ ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

1:50 – పడమరన చిన్న తెల్ల మబ్బులు. అడుగులన్నీ ఒకే ఎత్తులో, చదునుగా. ఉష్ణోగ్రత 34.
2:30 – వాటిలో ఒకటి మిగతావాటిని దాటి నిటారుగా పెరిగింది. గుండ్రటి బొడిపెలు, అంచులు చాలా స్పష్టం.
2:50 – తల మసకబారింది. పక్కలకు పరుచుకుంటోంది.
3:05 – మొదటి ఉరుము. మెరిసిన 40 సెకన్లకు వినపడింది.
3:20 – మళ్లీ. ఈసారి 36 సెకన్లు.
3:35 – ఒక్కసారిగా ఈదురుగాలి, చల్లగా. ఉష్ణోగ్రత 27కి పడింది. పీడనం కొద్ది నిమిషాల్లో 1.5 హెక్టోపాస్కల్ పెరిగింది. నడినెత్తి దాకా నల్లగా ఉంది.
3:50 – నాలుగు పెద్ద చినుకులు. డాబా కూడా తడవలేదు.
4:20 – పడమరన అంతా బూడిదరంగు పొర. తూర్పున, అంటే నా వెనక, కొత్తగా ఒకటి లేస్తోంది.

సాయంత్రం తూర్పున ఉండే బంధువులు ఫోన్ చేసి కుండపోత అన్నారు. మాకు ఎనిమిది కిలోమీటర్లే! చల్లగాలి వచ్చిందంటే వాన వెనకే ఉన్నట్టని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మరి అంత నల్లమబ్బు నా మీదికి వచ్చి కూడా ఎందుకు కురవలేదు? ఇంకోటి, 2:30కి చూసినదానికి ఏ పేరు రాయాలి? క్యుములోనింబస్, అంటే ఉరుము మబ్బు, అనొచ్చా?

గాలివాటం:

మీ పేజీ నాకు నచ్చింది, టైములు వేశారు కాబట్టి. "భయంకరంగా కమ్ముకొచ్చింది, గుండెలదిరేలా ఉరిమింది" అని రాసేవాళ్లే ఎక్కువ. చదవడానికి బాగానే ఉంటుంది, దాంతో పని మాత్రం జరగదు.

ముందు పేరు సంగతి. 2:30కి అది క్యుములస్ కంజెస్టస్, అంటే నిటారుగా పెరుగుతున్న కుప్ప మబ్బు. 2:50కి క్యుములోనింబస్ అయింది. ఆ ఇరవై నిమిషాల్లో మారింది దాని తల. క్యాలీఫ్లవర్‌లా అంచులు తేటగా కనబడుతున్నంతసేపూ పైన ఉన్నవి నీటి బిందువులు. సున్నాకు ఎంతో దిగువన కూడా అవి గడ్డకట్టకుండా ఉండగలవు. నీటి బిందువు మబ్బు అంచు దాటగానే ఆవిరైపోతుంది, అందుకే ఆ అంచు అంత పదును. మంచు స్ఫటికాలు అంత తొందరగా పోవు, గాలికి కొట్టుకుపోతూ చాలా దూరం మిగులుతాయి. తల మసకబారిందంటే, పీచుపీచుగా కనబడుతోందంటే, పైన మంచు తయారైందని. మసక మొదలైన దశను కాల్వస్ అంటారు, పీచు కనబడితే కాపిల్లాటస్. అది చదునుగా పరుచుకుంటే ఇన్‌కస్, మనం మామూలుగా యాన్విల్ (కమ్మరి దాగలి) అనేది.

మీ మొదటి ఉరుము ఆ తర్వాత పావుగంటకు వచ్చింది చూడండి. మబ్బు లోపల మెత్తటి మంచు గుళికలూ చిన్న స్ఫటికాలూ గుద్దుకున్నప్పుడే విద్యుదావేశం విడిపోతుంది. మంచు లేనిదే మెరుపు దాదాపు ఉండదు. అందుకే తల రంగు, తల అంచు... నేను ముందు చూసేవి అవే. మబ్బు నెత్తి మీదికి వచ్చేసి తల కనబడకపోతే ఏం రాయాలో ప్రపంచ వాతావరణ సంస్థ మేఘాల అట్లాస్ చెబుతుంది: ఉరుమో, మెరుపో, వడగళ్లో ఉంటే క్యుములోనింబస్ అని రాసేయడమే. క్యుములస్, స్ట్రాటస్, సిరస్ అనే పేర్లు పెట్టిన లూక్ హోవార్డ్ వృత్తి రీత్యా మందుల తయారీదారు. 1802లో లండన్‌లో ఆ పేర్ల మీద వ్యాసం చదివేనాటికి మనలాగే ఔత్సాహికుడు. మొహమాటపడకుండా పేర్లు రాయండి.

ఇక అసలు సంగతి. ఒంటరి ఉరుము మబ్బు ఆయుష్షు అరగంట నుంచి గంట. 1946, 47లలో అమెరికాలో ఫ్లోరిడా, ఒహాయోల మీద విమానాలను సరాసరి ఉరుము మబ్బుల్లోకి నడిపి కొలతలు తీశారు. దాన్ని బట్టే బైయర్స్, బ్రాహమ్ అనే శాస్త్రవేత్తలు మూడు దశలు చెప్పారు. మొదట అంతా పైకి లేచే గాలే. తర్వాత వాన బరువుకీ, చినుకులు ఆవిరవుతుంటే పుట్టే చల్లదనానికీ గాలి కిందికి దిగడం మొదలవుతుంది. రెండూ పక్కపక్కనే నడిచే ఈ కాసేపే ఉరుములూ కుండపోతా. చివరికి దిగిన చల్లగాలి నేల మీద నాలుగు వైపులా పరుచుకుని మబ్బుకు కింది నుంచి అందే వెచ్చటి తేమగాలిని తెంచేస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. ధ్వని మూడు సెకన్లకు దాదాపు కిలోమీటరు పోతుంది. 40 సెకన్లంటే 13 కిలోమీటర్లు, 36 అంటే 12. మెరుపు మబ్బులో ఎక్కడైనా పుట్టొచ్చు కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా పావుగంటలో మీ వైపు వచ్చింది ఒక్క కిలోమీటరు! ఆ మబ్బు ఉన్నచోటే ఉండి అక్కడే కురిసింది. మిమ్మల్ని చేరింది దాని చల్లగాలి మాత్రమే. గంటకు పాతిక, ముప్ఫై కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఆ దూరం దాదాపు అరగంటలో వచ్చేస్తుంది. చల్లగాలి బరువెక్కువ, అందుకే మీ బారోమీటరు ఎగిరింది. మబ్బు మీ వైపే నడుస్తున్న రోజున చల్లగాలి వెనకే వాన వస్తుంది, పెద్దలు చెప్పింది ఆ రోజుల గురించి. నడవని రోజున ఆ గాలి చెప్పేది ఒకటే: అక్కడ కురిసింది, ఇక ముగిసిపోతోంది.

నడినెత్తిన నలుపు చూసి ఆశపడ్డారు. నలుపు అంటే వెలుతురు మన దాకా రావడం లేదని, అంతే. మధ్యాహ్నం సూర్యుడు పడమర, మబ్బు పడమర, మీరు చూసింది దాని నీడవైపు. అదే మబ్బును అవతలి నుంచి చూసినవాళ్లకు కళ్లు చెదిరే తెలుపు. నెత్తి మీదికి వచ్చింది మబ్బు మొండెం కాదు, పైగాలి లాక్కొచ్చిన యాన్విల్. దాన్నుంచి రాలేదానిలో ఎక్కువ భాగం దారిలోనే ఆవిరైపోతుంది. మబ్బు కింద వేలాడి నేలకు చేరని ఆ తెరలను వర్గా అంటారు. మీ డైరీలో లేనిది తేమ. ఉష్ణోగ్రతకూ, గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత అయిన డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాను 125తో గుణిస్తే మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ఉజ్జాయింపుగా వస్తుంది. మీ 34 డిగ్రీలకు డ్యూ పాయింట్ 20 అనుకుంటే 1,750 మీటర్లు. మొండెం కింద ఉన్నా చినుకు అంత పొడిగాలిలోంచి దిగి రావాలి.

అన్నిటికంటే మంచి లైను మీరు చివర్లో రాశారు, 4:20ది. ఆ చల్లగాలి నేలను పట్టుకుని తూర్పుకు పోతూ ఎదురైన వెచ్చటి తేమగాలిని ఎత్తి పైకి తోసింది. మీ బంధువుల మీద కురిసింది ఆ కొత్త మబ్బే అయ్యుంటుంది. అందుకని నాది ఒకటే సలహా: చల్లగాలి తగిలిన నిమిషం రాసుకుని, వచ్చిన మబ్బును వదిలేసి వెనక్కి తిరగండి. మన డైరీల్లో ఉరుము మబ్బు పుట్టుక సరిగ్గా దొరకకపోవడానికి కారణం, ఆ సమయానికి అందరం పాత మబ్బు వైపే నోరు తెరుచుకుని చూస్తుంటాం.

రాడార్‌పిచ్చి:

గాలివాటం గారూ, మీరు చెప్పింది కరెక్టే కానీ ఇంత కష్టం దేనికండీ? వానను పసిగట్టే డాప్లర్ రాడార్ పేజీ తెరిస్తే కొద్ది నిమిషాలకో బొమ్మ. 45 డీబీజెడ్ (వాన నుంచి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం బలానికి కొలత) దాటిన రంగు నా వైపు వస్తుంటే ఆరేసిన బట్టలు తీస్తాను, లేకపోతే లేదు. డాబా ఎక్కేదే లేదు.

అన్నట్టు ఆ చల్లగాలి అంచు కూడా రాడార్‌లో పట్టుబడుతుంది, చాలామంది పట్టించుకోరు. వాన మచ్చకు దూరంగా సన్నటి విల్లులాంటి గీత ఒకటి జరుగుతూ ఉంటుంది. అది వాన కాదు, గాలి అంచున పోగైన పురుగులూ దుమ్మూ. అలాంటి గీతలు రెండు ఎదురెదురుగా వస్తుంటే అవి కలిసే చోట చూడండి, కొత్త మచ్చ చాలాసార్లు అక్కడే పుడుతుంది.

గాలివాటం:

ఆ గీత సంగతి చెప్పి మంచి పని చేశారు. నేనూ రాడార్ చూస్తాను, దానితో నాకేం గొడవ లేదు. కానీ ఆ గీత రాడార్‌కు దగ్గరలో ఉంటేనే కనబడుతుంది. కిరణం అర డిగ్రీ పైకెత్తి పంపిస్తే, భూమి వంపు కూడా కలిసి 200 కిలోమీటర్ల దగ్గర అది నేలకు నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దాని కింద జరిగేది దానికి తెలియదు. బొమ్మలో పచ్చగా, మీ డాబా మీద పొడిగా ఉండే రోజుల్లో చాలా వరకు ఇదీ, వర్గా కలిసి చేసే పనే.

ఇంకోటి, వాన చినుకులంత బిందువులు తయారైతేనే రాడార్‌కు మచ్చ కనబడుతుంది. 2:30కి మన కొత్త మిత్రుడు చూసిన కంజెస్టస్ అప్పటికి రాడార్ తెర మీద ఇంకా లేకపోవచ్చు. ఉపగ్రహం ఇన్‌ఫ్రారెడ్ బొమ్మదీ దాని చిక్కు దానిది, అందులో ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనబడుతుంది. యాన్విల్ చాలా చల్లగా ఉంటుంది కాబట్టి కింద వాన ఆగిపోయాక కూడా బొమ్మలో తెల్లగా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి "భారీ మేఘం" అని సందేశాలు పంపేవాళ్లతో వేగలేకపోతున్నాను.

మిల్లీమీటరు:

కొత్తమబ్బు గారూ, ఒక్కమాట. "వాన రాలేదు" అని కాకుండా "నా దగ్గర 0" అని రాయండి. ఆ సున్నా కూడా కొలతే. ఉరుముల జల్లు ఒక వీధిని ముంచి పక్క వీధిని వదిలేస్తుంది. 1997 జులైలో అమెరికాలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో ఒక పక్కన 14 అంగుళాలు దాటి కురిసింది, కొద్ది మైళ్ల అవతల రెండంగుళాలు కూడా లేదు. ఇళ్ల దగ్గర వాన కొలిచేవాళ్లు ఎక్కువమంది ఉండాలని అక్కడివాళ్లకు అప్పుడు తట్టింది. మరుసటి ఏడాది మొదలైన కోకోరాజ్ అనే వలంటీర్ల సంఘం అలా పుట్టిందే.

నిలువు గోడలున్న ఏ డబ్బా అయినా వానమానిగా పనికొస్తుంది. వెడల్పుతో పనిలేదు, లోపలి నీటి లోతు మిల్లీమీటర్లలో కొలవడమే. చెట్టుకైనా గోడకైనా, డబ్బా అంచు కంటే అది ఎంత ఎత్తుందో కనీసం దానికి రెట్టింపు దూరంలో పెట్టండి. జల్లు మొదలైన టైమూ ఆగిన టైమూ కూడా కావాలి. పది నిమిషాల్లో 12 మిల్లీమీటర్లు పడితే అది గంటకు 72 చొప్పున కురిసినట్టు. రోజు మొత్తం 12 అని మాత్రమే రాస్తే ఆ ఉధృతి ఎవరికీ తెలియదు.

కొత్తమబ్బు:

అందరికీ ధన్యవాదాలు. డబ్బా పెట్టేశాను, తేమ చూపించే మీటరు కూడా కొంటాను. ఇంకొక్క ప్రశ్న. ఈ రాత్రి ఉత్తరాన దిగువన మెరుపులు ఆగకుండా కనబడుతున్నాయి, చప్పుడు లేదు. ఇవాళ ఉరుముల రోజు అని రాయాలా? అది ఎంత దూరంలో ఉండొచ్చు?

గాలివాటం:

రాయకూడదు. ఉరుము చెవిన పడితేనే ఉరుముల రోజు, వాన పడినా పడకపోయినా సరే. మీకు నిన్నటిది లెక్కలోకి వస్తుంది, ఇవాళ్టిది రాదు. దీన్ని "దూరపు మెరుపు, ఉత్తరం" అని విడిగా రాయండి. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడటం వల్ల శబ్దం పైకి వంగిపోతుంది, మామూలుగా 15, 20 కిలోమీటర్లు దాటి వినపడదు. రాత్రి వెలుగు మాత్రం వంద కిలోమీటర్ల నుంచి కూడా కనబడుతుంది.

దూరానికి పిడికిలి లెక్క ఉంది. చెయ్యి చాచి పట్టుకుంటే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. 15 కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు వంద కిలోమీటర్ల అవతల ఉంటే దాని తల దిక్చక్రం మీద 8 డిగ్రీల దగ్గర, అంటే పిడికిలికి కాస్త తక్కువలో ఉంటుంది. మెరిసినప్పుడు తల ఆకారం తెలుస్తుంది, అప్పుడు చూసుకోండి. ఎత్తు మన ఊహ కాబట్టి దూరం కూడా ఊహే, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

నిన్నటి పేజీలో ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. 3:50కి డాబా మీద నిలబడి చినుకులు లెక్కపెడుతున్నారు. యాన్విల్ కింద పొడిగా ఉన్న చోట కూడా పిడుగు పడుతుంది, వాన పడే చోటికి పది, పదిహేను కిలోమీటర్ల అవతల పడినవి ఉన్నాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు గానీ అంతకు తక్కువ గానీ వస్తే దిగిపోవాలన్నది పాత లెక్క. ఉరుము వినపడితే చాలు, దిగమనేది ఇప్పటి మాట. నేను రెండోదే పాటిస్తాను. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. ఆ అరగంటా తూర్పు కిటికీ దగ్గర కూర్చోండి, చూడాల్సింది ఎటూ అటువైపే ఉంటుంది.