రైన్ నదిలో క్రూజ్, ఆపై గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్: అమ్మానాన్నలకి ఏ నెల మంచిది?

నమస్తే అండి, మాది విజయవాడ. రైల్వేలో రిటైరైన నాన్నగారిని, అమ్మని ఖర్చుకి వెనకాడకుండా ఒక్కసారి యూరప్ తిప్పాలని ఎప్పటి నుంచో కోరిక. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓడ ఎక్కి రైన్ మీద స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దాకా, అక్కణ్ణుంచి జెర్మట్ వెళ్లి గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే కొండల రైల్లో సెయింట్ మోరిట్జ్. 291 వంతెనలు, 91 సొరంగాలు, సుమారు 8 గంటల ప్రయాణం. నాన్నగారు ఆ రూట్ మ్యాప్ ప్రింటు తీయించి ఫ్రిజ్‌కి అంటించేశారు కూడా.

నా టెన్షన్ అంతా నీళ్ల గురించే. 2022 ఆగస్టులో జర్మనీలోని కౌబ్ దగ్గర రైన్ బాగా తగ్గిపోయింది. అలాంటప్పుడు ఓడ ఆపేసి బస్సుల్లో తిప్పుతారట. ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తేలిన కృష్ణని చూస్తూ పెరిగినవాళ్లం, ఆ మాట తేలిగ్గా తీసుకోలేం. మే నెలాఖరైతే నయమా? లేక మంచు కరిగి వరద ఇబ్బంది పెడుతుందా?

అమ్మకి మోకాళ్ల నొప్పులు. రేవులో ఓడలు పక్కపక్కన కడితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దాటాలని విన్నాను. మెట్లు ఎక్కువ ఎక్కాల్సి వస్తుందా? ఇద్దరూ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ముందే చెబితే విడిగా వండి పెడతారా? ఓడలో రాత్రులు ఎక్కువ జర్మనీలోనే గడుస్తాయి కాబట్టి షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే ఒకే వీసా) ఆ దేశానికే అప్లై చేయాలా, స్విట్జర్లాండ్‌కా? పెద్దవాళ్లని తీసుకుని వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.