హైదరాబాద్ ఎండకు ఘుంగ్రూ పందులు తట్టుకుంటయా?

ప్రశ్న (చేవెళ్ల): అన్నలకు నమస్తే. మాకు రెండెకరాలున్నయి, బోరుంది. అందరూ తెల్ల సీమపందులే పెట్టుమంటున్నరు గానీ నాకు నల్ల ఘుంగ్రూ మీద మనసు పడ్డది. పది ఆడవి, ఒక మగది తెద్దామనుకుంటున్న. మన ఎండకు ఆగుతయా? సిలిగురి నుంచి లారీల తెప్పిస్తనని ఒకాయన అంటున్నడు. మేతకు హోటళ్ల మిగులు సరిపోతదా?

జవాబు (ఘట్‌కేసర్): మంచి జాతినే ఎంచుకున్నవ్ తమ్మీ. ఘుంగ్రూ ఉత్తర బెంగాల్‌ది. డార్జిలింగ్, జల్పాయిగురి దిక్కు పేద ఇండ్లల్ల తవుడు, కూరగాయల తుక్కు తిని పెరిగిన పంది. పెద్ద చెవులు, ముడతల మొఖం, నెమ్మదైన గుణం. ఈతకు పిల్లలు బాగ పెడతది. గువాహటి దగ్గరి జాతీయ పందుల పరిశోధన కేంద్రం దీన్నే హాంప్‌షైర్ అనే సీమజాతితోటి కలిపి ‘రాణి’ అనే సంకరాన్ని తయారుచేసింది. అందరూ సంకరాల వెంట పోతున్న కాలంల అసలు జాతిని పెంచుతనంటున్నవ్, నాకు చాన సంతోషమైంది.

నల్ల తోలు తెల్లదాని లెక్క ఎండకు కమలదు. కానీ ఏ పందికైనా చెమట పట్టి ఒళ్లు చల్లబడే గుణం లేదు. మే నెలల నీడ, ఎత్తు కప్పు, పొర్లే గుంట ఉండాల్సిందే. గుంట నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చు. దోమలు పెరిగితే మెదడువాపు భయం ఉంటది, ఆ వైరస్ పందుల ఒంట్ల బాగ పెరుగుతది.

లారీ మాత్రం అస్సలు వద్దు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల రోగం 2020 సంవత్సరంల అస్సాం, అరుణాచల్‌లల్ల బయటపడ్డది, సిలిగురి ఆ దిక్కే. మనుషులకు రాదు గానీ మందలకు మందలు పోతయి, మందు లేదు. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, అది వేరే రోగం. సర్కారు ఫారం నుంచి, పశువుల డాక్టర్ సర్టిఫికెట్‌తోనే తీసుకో. తెచ్చినంక నెల రోజులు వేరే కొట్టంల పెట్టు. అన్నిటినీ ఒకే తల్లి పిల్లలను తేకు, మగది వేరే చోటిది ఉండాలె.

ప్రశ్న (చేవెళ్ల): మరి హోటల్ మిగులు అన్నా?

జవాబు (ఘట్‌కేసర్): ఆ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మిగులుల ఉండే పంది మాంసం ముక్కల్ల కూడ వస్తది. మొత్తం కలుపుకుంట అరగంట మరగబెట్టినంకనే పెట్టు. కట్టెల ఖర్చు ఎక్కువైతదనిపిస్తే మిగులు ముచ్చటే వద్దు, తవుడు, మక్కలు, నూనె తీసిన గింజల చెక్క కలిపి దాణా చేసుకో. హోటల్ కూడుల ఉప్పెక్కువ, తాగే నీళ్లు కొద్దిసేపు తక్కువైనా ప్రమాదమే.

జవాబు (రాజేంద్రనగర్): ఒకటి కలుపుతాను. చూడి కట్టాక దాదాపు 114 రోజులకు ఈనుతాయి, ఆ లెక్కన ఈతలు నడి ఎండాకాలంలో పడకుండా చూసుకోండి. తల్లిపాలలో ఇనుము చాలదు, పుట్టిన మూడు నాలుగు రోజులకే పిల్లలకు ఐరన్ ఇంజెక్షన్ వేయించాలి. మోతాదు పశువుల డాక్టర్ చెబుతారు. ఇక్కడి వెటర్నరీ కాలేజీకి ఒకసారి రండి, షెడ్డు వేయకముందే వస్తే మంచిది.