అవతలివాళ్ల గోల్ కిక్ దగ్గర ప్రెస్ చేస్తే (ముందుకెళ్లి బంతి కోసం ఒత్తిడి పెడితే) మధ్యలో ఖాళీ వస్తోంది, ఎలా పూడ్చాలి?

పర్లాకిమిడిలో డబ్బులిచ్చి ఆడించే ఫుట్‌బాల్ టీమ్ కోచింగ్ గురించి సలహా కావాలి. ఆడేది 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు).

2019లో రూలు మారాక గోల్ కిక్‌ను పెనాల్టీ బాక్స్ లోపలే అందుకోవచ్చు కదా. అవతలివాళ్లు ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను (మధ్య డిఫెండర్లను) గోలీకి చెరో పక్క నిలబెట్టి, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని బాక్స్ గీత దాకా దింపుతున్నారు. మా స్ట్రైకర్లిద్దరూ సెంటర్ బ్యాక్‌ల మీదకు పోగానే ఆ మూడోవాడు ఖాళీ. వాడి మీదకు మా మిడ్‌ఫీల్డర్ ఒకడు ఎగబడితే ఇంకో చిక్కు: గోలీకి బంతి వెనక్కి వేస్తారు, గోలీ పొడుగ్గా కొడతాడు, తలకు తగిలి చెదిరిన బంతి మా మిడ్‌ఫీల్డ్ వెనక పడుతుంది. అక్కడ మా డిఫెన్స్ 20 మీటర్లు వెనక ఉంటుంది. 10-12కు మించకూడదు.

మా సెంటర్ బ్యాక్‌లను తప్పుపట్టలేం. నేరుగా గోల్ కిక్ నుంచి బంతి అందితే ఆఫ్‌సైడ్ లేదు, అందుకే వాళ్ల స్ట్రైకర్ ముందే మా సగంలో లోతుగా కాచుకుంటాడు.

ప్రాక్టీసు సగం మైదానంలో, 8 మందికి 7 మంది. 4 నిమిషాల చొప్పున 4 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. ఇక్కడి ఉక్కకు మూడోసారికే పరుగు సడలిపోతోంది.

ఒక స్ట్రైకర్ వంపు తిరిగి పరుగెత్తి, సెంటర్ బ్యాక్‌ను తరుముతూనే ఆ మిడ్‌ఫీల్డర్‌కు పాస్ దారి మూసేలా నేర్పాలా? లేక రెండో స్ట్రైకర్‌ని మిడ్‌ఫీల్డర్ మీదే ఉంచి, ఒక సెంటర్ బ్యాక్‌ను వదిలేయాలా? వదిలేస్తే వింగర్ (అంచున ఆడే మిడ్‌ఫీల్డర్) వాడి మీదకు ఎప్పుడు కదలాలి, గోలీ బంతి తన్నగానేనా, సెంటర్ బ్యాక్ తాకాకా? ఆఖరి అరగంట ప్రెస్ మానేసి సెంటర్ లైన్ దగ్గరే ఆగడం మేలని నా లెక్క. కాదనేవారు ఎందుకో కూడా చెప్పండి.