బాఖ్ ఇ మైనర్ ప్రెల్యూడ్, సిలోటి బి మైనర్ వెర్షన్: అంత నెమ్మదిగా వాయించాలా?

పియానో విద్యార్థి:
అందరికీ నమస్కారం. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఇ మైనర్ ప్రెల్యూడ్‌ని (చిన్న కీబోర్డ్ పీస్) రష్యన్ పియానిస్ట్ అలెగ్జాండర్ సిలోటి బి మైనర్ కీలోకి, అంటే వేరే ఆధార స్వరానికి, మార్చి రాశాడు కదా, పియానిస్ట్ ఎమిల్ గిలెల్స్ కచేరీ అయ్యాక ఎన్‌కోర్‌గా వాయించేవాడు, అదే. మా సార్ దాన్ని మెట్రోనోమ్ 48 మీద (నిమిషానికి 48 దెబ్బలు) పెట్టి "ఇది దుఃఖం బాబూ, పరిగెత్తకు" అంటారు. నాకేమో 66 దగ్గరకొస్తేనే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. పైగా 1722 నాటి 'వెల్-టెంపర్డ్ క్లావియర్' పుస్తకంలో బాఖే ఇదే ప్రెల్యూడ్ చివర ప్రెస్టో, అంటే చాలా వేగంగా, అని రాసి ఉరికించాడు. మరి ఇంత విషాదం ఎక్కణ్ణుంచి వచ్చింది, కీ మార్చినందుకా, స్పీడ్ తగ్గించినందుకా?

హార్ప్సికార్డ్ అభిమాని:
నా మాట సూటిగా చెప్తా, ఆ ప్రెల్యూడ్ స్వభావమే కుదురు లేకపోవడం. పైన కుడిచేతి పాట ఎంత తాపీగా సాగినా కింద ఎడమచేతి స్వరాలు ఒక్క క్షణం ఆగవు, ఆ అలజడంతా కూడుకుని కూడుకుని 23వ బార్‌లో (మన ఆవర్తం లాంటిది) బయటపడుతుంది. సిలోటి వెర్షన్‌లో ఆ పాటా లేదు, ఆ ప్రెస్టో లేదు. మిగిలింది అందమైన దిగులు మాత్రమే. కీ సంగతంటారా, బాఖ్ కాలం వాడే, హాంబర్గ్‌లో ఉండే మాథెసన్ అనే సంగీత రచయిత 1713లో ఒక్కో కీకి ఒక్కో గుణం రాశాడు. ఇ మైనర్‌ది ఊరట దొరుకుతుందన్న ఆశ ఉన్న బాధ, బి మైనర్‌ది వింతైన, ఉత్సాహం చచ్చిన దిగులు. ఆశని తీసేసి వాయిస్తున్నామన్నమాట.

వీణ గది:
అన్నా, సిలోటి తీసేశాడనడం న్యాయం కాదు. ఆయన తీసుకున్నది 1722ది కాదు, అంతకుముందుది. బాఖ్ 1720లో తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమన్ కోసం ఒక నోట్‌బుక్ మొదలెట్టాడు చూడండి, అందులో ఇదే ప్రెల్యూడ్ ఉంది, ఎడమచేతికి గబగబా స్వరాలు, కుడిచేతికి ఉత్త కార్డ్స్ (కలిపి మోగే స్వరాల గుంపులు), అంతే. పైన పాట, చివర ప్రెస్టో తర్వాత బాఖే చేర్చాడు, అంటే దీన్ని మొదట మార్చింది తండ్రే! పిల్లాడి పాఠంలోంచి ఒకాయన తుఫాను తీశాడు, దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ఇంకొకాయన నిశ్శబ్దం తీశాడు, రెండూ అందులో ఉన్నవే.

ఇక కీ. నేను వీణ వాయిస్తా కాబట్టి నాకు అలవాటైన దారిలో చెప్తా. ఒక కట్టలో పాడినా ఐదు కట్టల్లో పాడినా కీరవాణి కీరవాణే, శ్రుతి మారితే రాగం మారదు. కానీ అదే సంచారం మంద్రంలో వాయించి తర్వాత తారస్థాయిలో వాయించండి, వినేవాళ్ల ముఖమే మారిపోతుంది. సిలోటి చేసిన అసలు పని అక్కడుంది. కింద ఎడమచేతిలో ఉరికే స్వరాల్ని పైకి తీసుకెళ్లి కుడిచేతికిచ్చాడు, కార్డ్స్‌ని కిందికి దించి ఎడమచేతికిచ్చాడు. నేల కింద పారే నీళ్లు ఇప్పుడు చూరు మీంచి కారుతున్నాయి. విషాదం దాంట్లోంచి వచ్చింది, బి అన్న అక్షరంలోంచి కాదు.

హార్ప్సికార్డ్ అభిమాని:
నోట్‌బుక్ విషయం ఒప్పుకుంటున్నా, తీసేశాడన్న మాట వెనక్కి తీసుకుంటా. శ్రుతి పోలిక మాత్రం పూర్తిగా కుదరదండీ. అప్పటి కీబోర్డుల ట్యూనింగ్‌లో అంతరాలన్నీ సమానంగా ఉండేవి కావు, ఒక కీలో మూడో స్వరం తియ్యగా కూర్చుంటే ఇంకో కీలో కొంచెం గరుగ్గా ఉండేది, కాబట్టి కీ మారిస్తే రంగు నిజంగానే మారేది.

వీణ గది:
నిజమే, అప్పటి వాద్యం మీద మీ మాటే రైటు. ఇది రాసింది మాత్రం అన్ని అంతరాలూ సమానం చేసిన పియానోకి కదా.

తమ్ముడూ, నీ స్పీడ్ సంగతికొస్తా. సిలోటి రాసింది అందాంతే, అంటే నడక, పాడె మోసే నడక అని ఎక్కడా లేదు. 48 మీద ఒక బార్ ఐదు సెకన్లు పడుతుంది. రిపీట్‌లో, అంటే రెండోసారి వాయించేటప్పుడు, ఎడమచేతి కార్డ్స్ లోపల దాక్కున్న పాటని పైకి తేవాలి, ఈ పీస్‌కి ప్రాణం అదే. పియానో స్వరం మీట నొక్కిన క్షణం నుంచే పలచబడటం మొదలెడుతుంది, మరీ నెమ్మదిగా వెళ్తే పక్క స్వరం వచ్చేలోపే ముందుది నీరసించిపోయి పాట కాస్తా విడివిడి చుక్కలైపోతుంది. గిలెల్స్ లాంటి చెయ్యుంటే ఎంత నెమ్మదైనా నిలబడుతుంది, మనకి స్పీడ్ కొంచెం సాయం చెయ్యాలి. మొదటిసారి కుడిచెయ్యి వినపడనివ్వు, రెండోసారి ఆ లోపలి పాటని గొంతెత్తి పాడు, నీ ఊపిరి ఎక్కడ తెగకుండా సాగుతుందో అదే నీ టెంపో.

పియానో విద్యార్థి:
పాడి చూశానక్కా. 48 మీద మధ్యలోనే ఊపిరి అయిపోయింది, 66 మీద పాట వచ్చింది కానీ కుడిచేతి స్వరాలు కుట్టుమిషన్‌లా టకటకలాడాయి, 58 దగ్గర రెండూ కుదిరాయి. విచిత్రమేంటంటే అక్కడ దిగులు తగ్గలేదు, ఇంకా ఎక్కువే అనిపించింది, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. రేపు సార్‌కి 58లో వినిపిస్తా. ఒక్క డౌట్, రిపీట్‌లో పెడల్ (స్వరాల్ని మోగుతూ ఉంచే కాలి మీట) కార్డ్ కార్డ్‌కీ మార్చనా, బాస్, అంటే అట్టడుగు స్వరం, మారినప్పుడే మార్చనా?

వీణ గది:
పెడల్ గురించి అన్ననే అడుగు, ఆయన చెవి నాకంటే పదును.

హార్ప్సికార్డ్ అభిమాని:
కార్డ్ మారిన ప్రతిసారీ మార్చు, కానీ పూర్తిగా ఎత్తకు, సగం ఎత్తు చాలు. కార్డ్‌ని కింది నుంచి పైకి పరిచి వాయిస్తావు కాబట్టి బాస్ పడ్డాకే పాదం కిందికి వెళ్లాలి, ముందే తొక్కితే పాత కార్డ్ కొత్తదాంట్లో కలిసి బురదవుతుంది.