చర్చ: .44 మాగ్నమ్ రివాల్వర్‌కి రౌండ్లు కొనుక్కోవడమా, ఇంట్లో నింపుకోవడమా?

టెక్సాస్_కొత్తపేట:
అందరికీ నమస్కారమండి. సొంతూరు కొత్తపేట పక్కన, ఉండేది టెక్సాస్. గ్రీన్‌కార్డు వచ్చాక రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ కొన్నాను, .44 మాగ్నమ్, ఏడున్నర అంగుళాల బ్యారల్. అడవిపందుల కోసం. పెట్టెలో కొంటే ఒక్కో రౌండు (తూటా) డాలరు దాటుతోంది, సాధన చెయ్యాలంటే చేతిలో డబ్బు నిలవట్లేదు. కాల్చేసిన ఖాళీ కేసుల్లో (తూటా ఇత్తడి గొట్టాల్లో) మళ్ళీ మందు, బుల్లెట్టు పెట్టి ఇంట్లో నింపుకుంటే నిజంగా కలిసొస్తుందా? ఒక్కోసారి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజి ప్రెస్సు చాలా? పోత సీసం బుల్లెట్లు వాడితే బ్యారల్ పాడవుతుందా? ఇంకో మాట, సంక్రాంతికి ఊరొస్తున్నాను. నాన్నగారి పన్నెండు బోరు డబుల్ బ్యారల్‌కి ఉన్న కార్ట్రిడ్జిలు బాగా పాతబడ్డాయి. మన వైపు ఇప్పుడు కొనడం ఎలా ఉంది?

లంకరైతు:
కొనడం తర్వాత సంగతండి, ముందు లైసెన్సు బతికుండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక నా ఫైలు అక్కడుందని వీళ్ళు, ఇక్కడికి పంపేశామని వాళ్ళు. రెన్యువల్ లేనిదే షాపాయన ఒక్క కార్ట్రిడ్జి ఇవ్వడు. ఇవ్వకూడదు కూడా, ఆయన్ని అనడానికేం లేదు. ఈలోగా మా లంకలో కంద, మొక్కజొన్న పందులు పెళ్ళగించేశాయి. రాత్రంతా డబ్బాలు కొట్టుకుంటూ కూర్చుంటున్నాం. అమెరికాలో పందిని కొట్టే రివాల్వరుకి రౌండ్లు నింపుకోవాలా అని అడుగుతున్నారు మీరు. ఇక్కడ పందిని కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కాగితం కావాలి.

కోరంగి_గట్టు:
వేట గురించి ఇంత మామూలుగా మాట్లాడుకుంటున్నారేంటండీ? 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. మడ అడవుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఒకప్పుడు పిట్టల్ని ఎలా కాల్చి మోసుకెళ్ళేవారో మా పెద్దవాళ్ళు చెప్పేవారు. సరదా కోసం జంతువుని చంపడానికి డాలర్లు లెక్కేసుకోవడం నాకు మింగుడు పడట్లేదు.

టెక్సాస్_కొత్తపేట:
సరదా కాదండి. ఇక్కడ ఆ పందులు పుట్టినవి కావు, బయటినుంచి తెచ్చి వదిలినవి, పొలాలన్నీ దున్నేస్తున్నాయి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందుల వేటకి లైసెన్సే అక్కర్లేదు. మాంసం తింటాం, పారెయ్యం. దయచేసి అసలు ప్రశ్నకి రండి.

మాజీ_ఆర్మరర్:
నేను సర్వీసంతా ఆయుధాల వర్క్‌షాపులోనే చేశాను, ఈ విషయంలో నాకు తెలియనిది తక్కువ. ముందు అందరూ ఒక లెక్క తెలుసుకోండి. మన దగ్గర లైసెన్సు మీద దొరికే కాన్పూరు .32 రివాల్వరు రౌండుకి గరిష్ఠ పీడనం 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .44 మాగ్నమ్‌కి 36,000. రెండూ రివాల్వర్లే కదా అని ఒకటే అనుకోకూడదు. .32 ఆత్మరక్షణకి, అదీ దగ్గర నుంచి. దాంతో పందిని కొడితే పంది మీదికొస్తుంది.
నింపుకోవడం బ్రహ్మవిద్య కాదు. మా తాతగారు పిఠాపురం వైపు జమీందార్ల వేటలకి ఇత్తడి కేసుల్లో తనే మందు, రవ్వలు నింపేవారు. క్యాపు కొత్తది, కేసు పాతదే. ఇప్పుడు కూడా ఖాళీ పన్నెండు బోరు కేసులు ఎవరైనా పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేతనైనవాడు ఇంట్లో నింపుకోవచ్చు.

అమలాపురం_వకీలు:
ఆఖరి వాక్యం ఎవరూ పాటించకండి. తూటా తయారీకి లైసెన్సు కావాలని 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5. లేకుండా చేస్తే సెక్షన్ 25(1)(ఎ). 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్షే ఏడేళ్ళు, పైకి యావజ్జీవం. తుపాకీ లైసెన్సు ఉండడం వేరు, తూటా తయారుచెయ్యడం వేరు.

మాజీ_ఆర్మరర్:
వకీలుగారూ, నేను సాంకేతికంగా సాధ్యమా అనేది చెప్పాను. ప్రతిదానికీ సెక్షన్లు విసరకండి.

అమలాపురం_వకీలు:
"ఇంట్లో నింపుకోవచ్చు" అని రాశారు. చదివి ఏ కుర్రాడో చేస్తే కోర్టు చుట్టూ తిరిగేది వాడి తండ్రి. అలాంటి తండ్రులు నా దగ్గరికే వస్తారు.

డాలస్_పాలకొల్లు:
చట్టం పక్కన పెట్టినా ఆర్మరర్‌గారు తాతగారి పద్ధతి ఇలా ఊరికే చెప్పెయ్యడం ప్రమాదం. తాతగారు వాడింది పాతకాలపు నల్ల తుపాకీమందు, అంటే బ్లాక్ పౌడరు. దాన్ని కొలపాత్రతో కొలిచి పోసేవారు, కేసు నిండేది. ఈ రోజుల్లో పొగరాని మందుని అదే పాత్రతో కొలిస్తే బ్యారల్ చీలిపోతుంది. వేళ్ళు పోతాయి. పాత మెలితిప్పిన ఇనుప బ్యారల్ అయితే ఇంకా ఘోరం.

మాజీ_ఆర్మరర్:
బ్లాక్ పౌడరుకీ, పొగరాని నైట్రో మందుకీ తేడా నాకు చెప్తున్నారా మీరు?

డాలస్_పాలకొల్లు:
మీకు కాదండి, చదివేవాళ్ళకి. తేడా తెలిసినవారే ఆ సంగతి రాయకుండా వదిలేస్తే ఎలా?

మాజీ_ఆర్మరర్:
యూట్యూబు చూసి నేర్చుకున్నవాళ్ళతో నాకు వాదన అనవసరం.

డాలస్_పాలకొల్లు:
నేను అచ్చయిన లోడింగ్ మాన్యువల్ చూసి నేర్చుకున్నాను. ఏ బుల్లెట్టుకి ఏ మందు ఎంత అనేది అందులోనే చూడాలి. అందుకే ఇక్కడ గ్రెయిన్ల (మందు తూకం) అంకె ఒక్కటీ రాయను, ఎవరడిగినా రాయను.
కొత్తపేట తమ్ముడూ, నీ ప్రశ్నకి వస్తున్నాను. కలిసొస్తుంది, కానీ కేసులు ఏరుకుని దాచుకుంటేనే. ఖర్చంతా ఇత్తడిలో ఉంది. .44 కేసుని ఒత్తిడి మరీ పెంచకుండా వాడితే చాలాసార్లు వస్తుంది, మూతి దగ్గర చీలిక కనపడగానే పారెయ్. కొత్తవాడికి సింగిల్ స్టేజే మంచిది. కేసుని మళ్ళీ కొలతకి తెచ్చే డై మాత్రం కార్బైడ్‌ది తీసుకో, కేసులకి నూనె రాసే పని తప్పుతుంది. 2020 తర్వాత రెండేళ్ళు ప్రైమర్లకి (మందుని అంటించే క్యాపులకి) కటకటలాడాం, దొరికినప్పుడు లార్జ్ పిస్టల్ ప్రైమర్లు కొని పక్కన పెట్టుకో.
ఇప్పుడు ప్రాణం మీదకొచ్చే సంగతి. త్వరగా మండే మందు .44 కేసులో సగం కూడా నిండదు. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు, నీకు తెలియదు. అందుకని కేసులన్నీ చెక్క పలకలో నిలబెట్టి, బుల్లెట్టు పెట్టేముందు లైటు వేసి అన్నిట్లోకీ తొంగిచూడు. మందు అసలు పడకపోతే ఇంకో ప్రమాదం, ప్రైమరు ఒక్కటే బుల్లెట్టుని బ్యారల్‌లోకి తోసి ఆపేస్తుంది. చప్పుడు తేడాగా వినపడితే రెండోది కాల్చకు. ఆపి, ఖాళీ చేసి, బ్యారల్‌లోంచి చూడు.
హెచ్ 110, విన్చెస్టర్ 296 రెండూ ఒకటే మందు, పేర్లే వేరు. మాన్యువల్‌లో రాసిన కనీసం కంటే దాన్ని తగ్గించకూడదు. చాలామంది తక్కువ పోస్తే క్షేమం అనుకుంటారు, ఈ మందుకి అది చెల్లదు.

హెచ్‌వన్_తణుకు:
అన్నా, నేనూ డాలస్‌లోనే. వీసా మీద ఉన్నా రేంజికెళ్ళి స్నేహితుడి తుపాకీ కాల్చొచ్చా? వాళ్ళింట్లో ఈ నింపే పనిలో చెయ్యి వేస్తే తప్పా?

డాలస్_పాలకొల్లు:
జాగ్రత్త. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకీయే కాదు, తూటా చేతిలో ఉన్నా ఫెడరల్ నేరం, 18 యూఎస్‌సీ 922(జీ)(5). చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. పందులకి లైసెన్సు అక్కర్లేదన్న మాట పట్టుకుని నువ్వు మానేస్తే మినహాయింపు పోతుంది. ముందు లైసెన్సు తీసుకో, అక్కడి లాయరుతో మాట్లాడు, తర్వాతే ముట్టుకో.

చెరువుగట్టు:
నింపడం గురించి ఇంత గొడవపడుతున్నారు, దాచడం గురించి ఒక్కరూ మాట్లాడరు. భీమవరం దగ్గర మా చెరువుల మీద ఉప్పుగాలి, తేమ. మా మావయ్య తోలు బెల్టులో కార్ట్రిడ్జిలు గుచ్చి గోడకి వేలాడదీసేవాడు. ఇత్తడి పట్టీ చుట్టూ పచ్చగా చిలుము. అవసరానికి తీస్తే చాంబరులో దిగలేదు. కొందరు దాన్ని నూనెగుడ్డతో తుడవమంటారు.

లంకరైతు:
నూనెగుడ్డే మంచిది. మేం అలాగే చేస్తాం.

మాజీ_ఆర్మరర్:
వద్దు. తుపాకీకి నూనె, తూటాకి పొడిగుడ్డ. తుప్పు వదిలించే పల్చటి నూనెలు ప్రైమరు పక్క సందులోంచి లోపలికి దిగి దాన్ని చంపేస్తాయి. చిలుము తోలు వల్ల వచ్చింది, తోలు ఊనబెట్టిన రసాయనం ఇత్తడిని తింటుంది. అట్టపెట్టెలో పెట్టి, గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

లంకరైతు:
మా నాన్న కాలం నుంచీ నూనెగుడ్డే. ఒక్కటీ తుస్సుమనలేదు.

మాజీ_ఆర్మరర్:
మీ నాన్నగారు ఏ నూనె వాడారో, ఎన్నాళ్ళకి కాల్చారో తెలియదు. ఒక ఏడాదిలో కాల్చేస్తే ఏమీ కాదు. ఏళ్ళ తరబడి దాస్తే అప్పుడు తెలుస్తుంది.

లంకరైతు:
అంటే మా ఇంట్లో వాళ్ళకి తెలియదంటారు.

చెరువుగట్టు:
లంకరైతుగారూ, ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పింది నేను పరీక్షించి చూశాను, నిజం. డబ్బాలోకి మార్చాక మా దగ్గర చిలుము ఆగింది. దీనికంటే ఎన్నికల డిపాజిట్టు గురించి అడగండి. 2024లో స్టేషన్లో అప్పజెప్పిన తుపాకీ తిరిగొచ్చేసరికి బ్యారల్ లోపల ఎర్రగా తుప్పు. ఎవరినడగాలి? చట్టం ప్రకారం ఇచ్చాం, మంచి స్థితిలో ఇచ్చాం.

అమలాపురం_వకీలు:
డిపాజిట్టు స్టేషన్లోనే కాదు, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర కూడా చెయ్యొచ్చు. అద్దె పడుతుంది, కానీ నూనె రాసి పెడతారు. ఎక్కడిచ్చినా రసీదులో స్థితి రాయించుకోండి.

టెక్సాస్_కొత్తపేట:
డాలస్ అన్నా, చాలా థాంక్స్. సీసం సంగతి మిగిలిపోయింది. .44 స్పెషల్ కేసులు చౌకగా దొరికాయి, వాటితో మొదలుపెట్టనా?

డాలస్_పాలకొల్లు:
స్పెషల్ రౌండు మాగ్నమ్ రివాల్వర్‌లో నిక్షేపంలా పేలుతుంది. స్పెషల్ రివాల్వర్‌లో మాగ్నమ్ దిగదు. కానీ స్పెషల్ కేసు పొట్టి, అది కాల్చినచోట చాంబరు లోపల మసి ఉంగరంలా గట్టిపడుతుంది. తర్వాత మాగ్నమ్ కేసు అక్కడ బిగిసిపోతుంది. కాబట్టి మాగ్నమ్ కేసులోనే మెత్తని లోడు వేసుకో, మాన్యువల్‌లో అలాంటివీ ఉంటాయి.
బ్యారల్‌లో సీసం అంటుకునేది బుల్లెట్టు కొలత కుదరకే ఎక్కువ. ఫ్యాక్టరీ రాగితొడుగు బుల్లెట్టు .429 అంగుళాలు, పోతది సాధారణంగా .430. సిలిండరు ముందు రంధ్రం కంటే బుల్లెట్టు సన్నగా ఉంటే మంట పక్కలనుంచి దూసుకొచ్చి సీసాన్ని కరిగించి బ్యారల్‌కి పూస్తుంది. వేటకి వెళ్ళే లోడుకి క్రింపు (కేసు మూతిని బుల్లెట్టు చుట్టూ నొక్కడం) గట్టిగా వెయ్యి. తన్నుడుకి మిగతా గదుల్లోని బుల్లెట్లు ముందుకి జారితే సిలిండరు తిరగదు, గాయపడ్డ పంది ఎదురుగా ఉన్నప్పుడు అది జరగకూడదు.

కోరంగి_గట్టు:
చివరి మాట నాకు నచ్చింది. గాయం చేసి వదిలెయ్యకూడదన్న పట్టుదల ఉంటే కనీసం అంతవరకు నాకు సమ్మతమే.

అమలాపురం_వకీలు:
కొత్తపేట అబ్బాయీ, సంక్రాంతికి వచ్చేముందు ఒక పని చెయ్యి. రేంజికి తీసుకెళ్ళే బ్యాగు విమానానికి వాడకు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటాతో మన విమానాశ్రయాల్లో కేసులవుతున్నాయి. తెలిసి పెట్టుకోలేదని నిరూపించుకుని కొట్టేయించుకోవచ్చు, కానీ సెలవంతా స్టేషన్లోనే గడుస్తుంది.

మాజీ_ఆర్మరర్:
నాన్నగారి డబుల్ బ్యారల్ గురించి ఎవరూ చెప్పలేదు. పాత ఇంగ్లీషుదైతే చాంబరు రెండున్నర అంగుళాలే ఉండొచ్చు. ఇప్పటి 70 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జి అందులో నున్నగా దిగుతుంది, అదే మోసం. ఆ కొలత పేలాక మడత విచ్చుకున్న కేసుది. విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి ఎగబాకుతుంది. బ్యారల్ అడుగున ముద్ర చదివించి, అప్పుడే కొనండి. కార్ట్రిడ్జిలు శక్తిమాన్‌వి, ఖడ్కీ ఫ్యాక్టరీ సరుకు. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలయ్యాక అది మ్యునిషన్స్ ఇండియా కిందికి వచ్చింది. పంటకి కాపలా అయితే ఎస్‌జీ, ఎల్‌జీ (పెద్ద రవ్వల రకాలు) అడగండి. లైసెన్సులో రాసినంతే ఇస్తారు, కొన్న ప్రతిసారీ పుస్తకంలో ఎక్కించుకోండి.

టెక్సాస్_కొత్తపేట:
ఆర్మరర్‌గారూ, ఇదే నాకు కావలసింది. నాన్నగారికి డెబ్భై దాటింది. తమ్ముడు ఊళ్ళోనే వ్యవసాయం చేస్తున్నాడు. తుపాకీ వాడి పేరు మీదకి మారుతుందా, నాన్నగారు ఉండగానే?

అమలాపురం_వకీలు:
మారుతుంది. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం. లైసెన్సుదారుకి డెబ్భై నిండినా, లేదా ఆయుధం పాతికేళ్ళు ఆయన దగ్గరున్నా, వారసుడికి ఇవ్వమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. తమ్ముడికి విడిగా లైసెన్సు మంజూరవ్వాలి, పోలీసు విచారణ మామూలే. అది వచ్చేదాకా తుపాకీ, కార్ట్రిడ్జిలు నాన్నగారి దగ్గరే ఉండాలి. తమ్ముడు పొలానికి పట్టుకెళ్ళకూడదు.

లంకరైతు:
వకీలుగారూ, ఫైలు రెండు జిల్లాల మధ్య ఇరుక్కున్నవాడి గతేంటో అదీ చెప్పండి. రెన్యువల్ గడువు దాటిపోతోంది.

అమలాపురం_వకీలు:
గడువు దాటకముందే కొత్త జిల్లాలో దరఖాస్తు ఇచ్చి తేదీ ముద్రతో రసీదు తీసుకోండి. పాత లైసెన్సు, యూఐఎన్ (లైసెన్సుదారుకిచ్చే గుర్తింపు సంఖ్య) జిరాక్సులు జతచేయండి. ఫైలు ఎక్కడుందో రాతపూర్వకంగా చెప్పమని రెండు చోట్లా సమాచార హక్కు కింద అడగండి. రేపు మధ్యాహ్నం తర్వాత నేను కోర్టు దగ్గరే ఉంటాను, కాగితాలన్నీ పట్టుకురండి, చూద్దాం.